సీసా మందు, దినపత్రిక: తంబుచెట్టి వీధిలో నాగేశ్వరరావు పంతులు

చెన్నపట్నం హైకోర్టు ఎదుట నుంచి ఉత్తరంగా, సముద్రానికి సమాంతరంగా సాగిపోయే ఇరుకు వీధులు కొన్ని ఉన్నాయి. లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి, అర్మీనియన్ వీధి వాటిలో ముఖ్యమైనవి. తూర్పున రేవు, పడమట కొత్వాల్ చావడి కూరగాయల బజారు, దక్షిణాన న్యాయస్థానం. ఈ మూడింటి మధ్య ఇరుక్కున్న ఆ పేటను 20వ శతాబ్ది తొలి దశకం దాకా నల్లవారి పట్నమనే పిలిచేవారు. జార్జి టౌన్ అన్న పేరు తరువాత వచ్చింది. అక్కడ కింది అంతస్తు కొట్టు, పై అంతస్తు కాపురం. కాగితం వర్తకులు, వకీళ్ళు, దలాలీలు, అచ్చుయంత్రాల వారు, ఇంగువ నుంచి పగడాల దాకా అమ్మేవారు పక్కపక్కనే బతికారు. కాళికాంబ గుడి ముందు పూలబుట్టలు, బజారు రోడ్డు మీద 1895 నుంచి తిరుగుతున్న కరెంటు ట్రాములు. తమిళులతోపాటు తెలుగు కోమట్లు, బేరిశెట్లు, గుజరాతీలు, ఆర్మీనియన్లు, దొరలు అందరూ కలిసి నడిపిన బజారు అది.

ఆ తంబుచెట్టి వీధిలోకి 1914లో ఒక తెలుగు దినపత్రిక వచ్చి చేరింది. ఆ పత్రికను అక్కడికి తెచ్చినవాడు వృత్తిచేత పాత్రికేయుడు కాడు, వకీలు కాడు, జమీందారు అంతకన్నా కాడు. తలనొప్పికి పూసుకునే మందు అమ్ముకుని బతికే వ్యాపారి. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

దేశోద్ధారకుడనీ, విశ్వదాత అనీ తెలుగువారు ఆయనకు బిరుదులిచ్చారు. బిరుదుల వల్ల ఒక చిక్కు ఉంది. దాత అనగానే ఇచ్చిన చెయ్యి కనిపిస్తుంది గాని, ఆ చేతిలోకి డబ్బు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో కనిపించదు. పంతులుగారి విషయంలో కథంతా ఆ రెండో సంగతిలోనే ఉన్నది.

ఆయన 1867 మే 1న కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. బందరులో హైస్కూలు చదువు, చెన్నపట్నం క్రైస్తవ కళాశాలలో పట్టం. ఆ తరం యువకులందరిలాగే వీరేశలింగం పంతులుగారి రచనలు చదివి కదిలిపోయారు. 1890 ప్రాంతాల్లో పట్టభద్రుడైన బ్రాహ్మణ యువకుడికి సర్కారు కొలువో, వకీలు గౌనో, బడిపంతులు కుర్చీయో రాసిపెట్టి ఉండేవి. నాగేశ్వరరావుగారు ఆ మూడు దారులూ వదిలి వ్యాపారం పట్టారు. మొదట చెన్నపట్నం, ఆ తరువాత కలకత్తా, చివరికి బొంబాయి. పరాయివాళ్ళ కొట్లలో, కంపెనీలలో పనిచేసి సరుకు కొనడం, అమ్మడం, లెక్క రాయడం నేర్చారు. అప్పటి మన సమాజంలో ఇది చిన్న సాహసం కాదు. చదువుకున్నవాడు తక్కెడ పట్టడమేమిటని ఊళ్ళో అనుకునే కాలం అది.

1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనం మొదలుపెట్టారు. మందు పసుపుపచ్చన, వాసన ఘాటు. పుదీనా పువ్వు, కర్పూరం వంటి ద్రవ్యాలతో తయారైన ఆ లేపనాన్ని చిన్న సీసాలో పోసి అమ్మేవారు. తొలినాళ్ళలో అడిగి కొనేవారు లేరు. అందుకని సంగీత సభలకు వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి కూర్చుని పాట వినే జనానికి తలనొప్పి మందు ఇవ్వడంలో ఉన్న గడుసుతనం గమనించదగ్గది. కొట్టు ముందు బోర్డు కట్టి కొనేవాడి కోసం ఎదురుచూసే పాత పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. మందు పేరు కొట్టు దాటి, వీధి దాటి జనం నోటికెక్కింది.

ఆ సరుకు స్వభావం కూడా కలిసివచ్చింది. బియ్యం, బట్టలు అమ్మాలంటే గిడ్డంగి కావాలి, బండ్లు కావాలి. అమృతాంజనం సీసా గుప్పిట్లో ఇముడుతుంది, నెలల తరబడి చెడదు, తపాలాలో పోతుంది. బొంబాయిలో తయారైన సీసా ఎక్కడో మారుమూల పల్లెలో ఒక ముసలమ్మ దిండు కిందికి చేరగలదు. రైళ్ళు, తపాలా బంగీలు విస్తరించిన ఆ రోజుల్లో ఒక్క గదిలో నడిచే చిన్న వ్యాపారానికి దేశమంతా అంగడి అయింది. పంతులుగారు లక్షాధికారి అయినది ఈ దారిన.

వ్యాపారి దృష్టితో చూస్తే కథ అక్కడ సుఖంగా ముగిసిపోవచ్చు. 1907లో ఆయన సూరత్ కాంగ్రెస్ మహాసభకు వెళ్ళారు. మితవాదులు, అతివాదులు తెగతెంపులు చేసుకున్న సభ అది. తెలుగువారి మాట దేశం దృష్టికి పోవడానికీ, దేశం మాట తెలుగువారికి చేరడానికీ ఒక పత్రిక కావాలని ఆయన నిశ్చయించుకున్నారు.

పత్రిక పెట్టడానికి అంతకన్నా గడ్డు కాలం మరొకటి లేదు. 1908 జూన్‌లో పత్రికల నోరు నొక్కే కొత్త చట్టం వచ్చింది. అదే నెలలో బొంబాయిలోనే తిలక్‌ను నిర్బంధించారు. జూలై 22న రాజద్రోహ నేరం కింద ఆరేళ్ళ శిక్ష వేశారు. నగరంలో మిల్లు కూలీలు ఆరు రోజులు పని మానేశారు, వీధుల్లో కాల్పులు జరిగాయి. ఇటు బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఏడే జైలుపాలయ్యారు. ఇంత జరిగిన రెండు నెలలలోపే, సెప్టెంబరులో, అదే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడు పత్రిక పెట్టడం వేరు, నడుస్తున్న కొట్టూ, పేరున్న సరుకూ, పరపతీ ఉన్నవాడు పెట్టడం వేరు. ప్రభుత్వానికి కోపం వస్తే అచ్చుయంత్రంతోపాటు మందు సీసాల మీద కూడా చెయ్యి పడవచ్చు. నా ముప్పై ఏళ్ళ వార్తావృత్తిలో ధైర్యస్థులను చాలామందినే చూశాను గాని, నిండుగా సాగుతున్న వ్యాపారాన్ని పందెం ఒడ్డినవారు అరుదు.

బొంబాయిలో తెలుగు పత్రిక ఏమిటని ఇప్పుడు ఆశ్చర్యం కలగవచ్చు. కామాటిపురా పేరులోనే తెలుగు పనివారి అడుగుజాడ ఉంది. మేడలు కట్టిన కామాటీలు, మగ్గాలు వదిలి మిల్లుల్లో చేరిన పద్మశాలీలు ఆ నగరంలో వేలసంఖ్యలో ఉండేవారు. అయితే పత్రికకు ప్రాణాధారమైన పాఠకులు తెలుగు జిల్లాల్లో ఉన్నారు. వారానికొకసారి అయితే తపాలా తీసుకుపోతుంది. రోజూ వార్త అందించాలంటే మాత్రం బొంబాయి చాలా దూరం.

అందుకే 1914లో ఆ మకాం మార్పు. బొంబాయిలో ఇరవై ఏళ్ళకు పైగా కట్టుకున్న వ్యాపారాన్ని ఆసరా చేసుకుని ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రికను చెన్నపట్నంలో దినపత్రికగా మార్చారు. తెలుగు జిల్లాలకు అప్పుడు రాజధాని అదే. హైకోర్టు అక్కడే, విశ్వవిద్యాలయం అక్కడే, శాసనసభ అక్కడే. అర్బత్‌నట్ బ్యాంకు 1906లో కుప్పకూలి ఎన్నో కుటుంబాల కూడబెట్టు మింగేసిన చేదు ఆ వీధులకు ఇంకా గుర్తుంది. అలాంటి చోట కొత్త సంస్థను ఎవరూ తొందరపడి నమ్మరు.

ఆరు నెలలైనా నిండకముందే యుద్ధం వీధి చివరికి వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ చెన్నపట్నం తీరానికి వచ్చి రేవులోని చమురు తొట్లను గుండ్లతో కాల్చివేసింది. మరునాటి నుంచి జనం మూటాముల్లె కట్టుకుని పట్నం విడిచి పరుగులు తీశారు. కొట్ల తలుపులు మూతపడ్డాయి. తంబుచెట్టి వీధి నుంచి ఆ రేవు కూతవేటు దూరం. వార్తను వెతుక్కుంటూ పోవలసిన పత్రికకు వార్తే గుమ్మంలోకి వచ్చిందనుకోవాలి. యుద్ధం వల్ల పత్రికలు చదవాలన్న ఆత్రుత జనంలో పెరిగింది. అదే యుద్ధం వల్ల ఓడల్లో రావలసిన కాగితం ప్రియమైంది.

ఇక్కడ కొంత లెక్క చెప్పుకోవాలి. ఆనాటి దినపత్రికకు రెండే రాబళ్ళు: చందాలు, ప్రకటనలు. మద్రాసు రాజధానిలో నూటికి పదిమందికి కూడా అక్షరాలు రాని రోజులవి. చదవగలిగిన కొద్దిమందిలో ఒకరు చందా కడితే ఊరంతా ఆ ఒక్క ప్రతినే చదివేది. ప్రకటనలు ఇవ్వగల పెద్ద కంపెనీలు ఆంగ్ల పత్రికల గుమ్మం తొక్కేవి. తెలుగు పత్రికలు పుట్టి ఏడాదికే మూతపడడం వింత కాదు. బందరులో కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారు ఎన్ని అగచాట్లు పడి నిలబెట్టారో ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఆంధ్రపత్రిక నష్టాలను అమృతాంజనం భరించింది. తలనొప్పికి చదువుతో పని లేదు. చదువు రాని రైతూ, కూలీ, ఇంటి ఇల్లాలూ కొన్న సీసా తాలూకు లాభం చదువుకున్నవాడి చేతిలోని దినపత్రికగా మారింది. ఆ పత్రికలో అమృతాంజనం ప్రకటన అచ్చయ్యేది, ఆ ప్రకటన చూసి సీసా అమ్ముడుపోయేది. ఒక వ్యాపారి మాత్రమే ఊహించగల ఏర్పాటిది.

ఈ ఏర్పాటులో ఒక లోపం కూడా లేకపోలేదు. ఇంటి పెద్ద సంపాదన మీద బతికే బిడ్డలాగా పత్రిక తన కాళ్ళ మీద తాను నిలబడే అలవాటు ఎంతవరకు చేసుకున్నదనేది నాకు సందేహమే. కాని ఆ రోజుల్లో మరో దారి చూపగలవారు ఎవరున్నారు? ప్రభుత్వం దయ కావాలంటే మాట మెత్తబరచుకోవాలి. జమీందారు దయ కావాలంటే ఆయన రైతుల గోడు రాయకూడదు. సీసా మందు ఎవరి దయా అడగలేదు.

ఆ బలంతో పంతులుగారు చేసిన పనులు ఒకదానివెంట ఒకటి వచ్చాయి. కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోతే, ఆ భారం తన మీద వేసుకుని మళ్ళీ సంపుటాలు వెలువరించారు. 1924 జనవరిలో భారతి మాసపత్రిక స్థాపించారు. తెలుగులో ఒక రచయిత పండితుల పంక్తిలో కూర్చోవడానికి భారతిలో అచ్చుకావడమే అర్హత అన్న రోజులు ఆ తరువాత చాలాకాలం నడిచాయి. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి, పాత కావ్యాలనూ కొత్త పుస్తకాలనూ సామాన్యులు కొనగల వెలకు అందించారు. గ్రంథాలయోద్యమానికి కొండంత అండగా నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో అరవై మూడేళ్ళ వయసులో జైలుకు వెళ్ళారు. అక్కడ కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది. 1936లో అమృతాంజనం పరిమిత కంపెనీగా రూపం మార్చుకున్నది.

అప్పటికి ఆయన కాపురం జార్జి టౌన్ సందడికి దూరంగా, మైలాపూరు దగ్గర లజ్‌లో. ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న ఆ ఇంట్లోనే కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. ఆంధ్రరాష్ట్రం వస్తే రాయలసీమకు అన్యాయం జరుగుతుందన్న భయం తీర్చడానికి జరిగిన ఒప్పందమది. నదీజలాల్లో సీమకు ముందు వాటా, విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని గాని హైకోర్టు గాని ఒకటి కోరుకునే హక్కు అందులోని ముఖ్యాంశాలు. ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు ప్రాంతాలవారిని ఒక చాపమీద కూర్చోబెట్టడానికి ఇరుపక్షాలూ నమ్మే గుమ్మం ఒకటి కావాలి. పంతులుగారిది అలాంటి గుమ్మం. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు అందరూ తలుచుకున్నది ఆ ఒడంబడికనే. అది చూడడానికి ఆయన లేరు. ఒప్పందం జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు.

ఆయన వెనుక పత్రికల బాధ్యత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు వహించారు. ఆంధ్రపత్రిక, భారతి మరో అర్ధశతాబ్దం పైగా నడిచి, 1991లో ఆగిపోయాయి. పత్రికకు అన్నం పెట్టిన అమృతాంజనం మాత్రం ఈనాటికీ అంగళ్ళలో దొరుకుతున్నది. లజ్‌లో పంతులుగారి పేరిట ఉన్న పార్కులో ప్రతి సాయంత్రం నడకకు వచ్చే వందలాదిమంది చెన్నై వాసులకు ఆ పేరు ఎవరిదో తెలియకపోవచ్చు.

భారతి పాత సంచికలు ఇప్పటికీ కొన్ని గ్రంథాలయాల్లో ఉన్నాయి. పుటలు పెళుసుబారాయి, అంచులు ముట్టుకుంటే రాలిపోతాయి. శాసనాల మీద, ఛందస్సు మీద, చరిత్ర మీద గంభీరమైన వ్యాసాలు దాటి అట్టల దాకా తిరగేస్తే, తలనొప్పులకూ జలుబులకూ వాడమని చెబుతూ అమృతాంజనం ప్రకటన కనిపిస్తుంది.