పలుకును బట్టి మనిషిని తూచకుము
వాక్య ధ్యానము: మత్తయి 26:69–73



ప్రధానయాజకుని ముంగిట పేతురును పట్టి యిచ్చినది అతని గలిలయ యాసయే. మన కృష్ణా తీరమునను అంతే. పేటనుండి బెజవాడ వెళ్లి నోరు తెరచినంతనే, మనది ఏ ఊరో ఏ కులమో కొందరు లెక్కగట్టుదురు. గనుక ఈ నెల, చులకనైన పలుకులకు చెవియొగ్గిన ఒక పంతులుగారి జీవితమును తలంచుకొందము.

గిడుగు వెంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము దగ్గర పర్వతాలపేటలో బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొనిరి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులైరి. అచ్చటి కొండలలో సవరలుందురు. వారి మాట ఊరివారికి అర్థము కాదు. అర్థము కాని మాటకు విలువయు లేదు. పంతులుగారు తెలుగు, సవర రెండును వచ్చిన యొకనిని తమ యింటనే ఉంచుకొని, అతనియొద్ద ఆ భాష నేర్చుకొనిరి. మన్యమున తిరుగగా విషజ్వరము తగిలెను. క్వయినా ఎక్కువగా వాడుటచేత వచ్చిన చెవుడు జీవితాంతము విడువలేదు. అయినను సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిరి, వారి భాషలో పుస్తకములు వ్రాసిరి.

తరువాత తెలుగు పిల్లల కష్టము చూచిరి. ఇంట మాటలాడునది యొక తెలుగు, పుస్తకములోనిది వేరొక తెలుగు. కూలివాని బిడ్డకు ఆ పాత భాషయే చదువునకు అడ్డుగోడ. వాడుకభాషలో చదువు చెప్పవలెనని వారు పోరాడిరి, పండితులనేకులు ఎదిరించిరి. 1919లో తెలుగు అను పత్రిక నడిపిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమండ్రి వచ్చి స్థిరపడిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి. వారి జన్మదినమే నేడు తెలుగు భాషా దినోత్సవము.

అయితే ఒక సంగతి మరువరాదు. వారు కోరినది చదువుకొన్నవారి వాడుకభాష. అది క్రమముగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పెద్దిండ్ల పలుకుమీద నిలిచి, పత్రికలకు పాఠములకు ఒరవడి ఆయెను. పంతులుగారు పుట్టిన సీమ యాసయే సినిమాలలో నవ్వులాట ఆయెను. తెలంగాణ యాసకును అదే గతి పట్టెను.

ఆ నవ్వు ఎంత బాధయో మన పేటలవారు ఎరుగుదురు. మరి యానాది మాటకు, పనికై వచ్చిన శ్రీకాకుళపు కూలి మాటకు మనము నవ్వుట లేదా?

పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన సొంత భాషలోనే దేవుని గొప్పకార్యములు వినెను. మన బైబిలు గ్రంథధోరణిలో నున్నను, పొలముగట్టున మనము చేయు మొర దేవునికి అర్థమగును. వచ్చే ఆదివారము, యాసకు సిగ్గుపడి వెనుక కూర్చుండు వారిని ప్రార్థన చేయుమని పిలువుడి. పెదవిమీద నవ్వు రానీయక, ఆమేన్ చెప్పువరకు వినుడి.