ఆ పూత వెనక ఒక కమ్మరి కొడుకు

సంక్రాంతి సెలవుల్లో మా తాతయ్య రాజ్‌దూత్ బండి విప్పాం. ఇంజిన్ పని మెకానిక్ చూసుకున్నాడు. తుప్పు పట్టిన చిన్న సామాన్లు, అంటే నట్లు, బోల్టులు, వాషర్లు, క్లిప్పులు నా వాటాకి వచ్చాయి. వాటికి ఇంట్లోనే జింక్ పూత వేద్దామనుకున్నా. ఒక ప్లాస్టిక్ డబ్బాలో వెనిగర్, అందులో ఎప్సమ్ సాల్ట్, ఒక పక్క జింక్ రేకు, ఇంకో పక్క రాగి తీగకి వేలాడే బోల్టులు, సీనియర్‌ని అడిగి తెచ్చుకున్న పవర్ సప్లై. ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వాలో కాగితం మీద లెక్క కట్టా. మొదటి నాలుగు బోల్టులు వెండి రంగులో చక్కగా వచ్చాయి. రెండో రోజు స్పానర్ పెట్టి తిప్పితే పూత పొట్టులా రాలిపోయింది.

లెక్క మళ్ళీ చూశా. తప్పు లేదు. బోల్టు తీసుకెళ్ళి తాతయ్యకి చూపించి, ఇదీ కళాయి లాంటిదే, మంట బదులు కరెంటు అని చెప్పా. ముందు సరిగ్గా తోమావా అని ఆయన ఒక్కటే అడిగారు. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళోకి వచ్చే కళాయి అతను గిన్నెలో నిలబడి, ఇసుక వేసి, కాళ్ళతో తిప్పి తిప్పి తోమేవాడట. పూత వేయడం కంటే దానికే ఎక్కువసేపు పట్టేదట.

నేను వాడిన సూత్రం మైఖేల్ ఫారడేది. ఇంటర్‌లో దాని మీద బోలెడు లెక్కలు చేశా కానీ ఆ మనిషి గురించి నాకు పేరు తప్ప ఏమీ తెలీదు. ఆ సెలవుల్లో పగలు బోల్టులు తోముతూ, రాత్రి ఆయన గురించి చదివా.

ఫారడే 1791 సెప్టెంబరు 22న దక్షిణ లండన్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి, ఆరోగ్యం అంతంతమాత్రం. బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కాస్త లెక్కలు. 13వ ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికుర్రాడిగా చేరాడు. మరుసటి ఏడాది నుంచి ఏడేళ్ళు అక్కడే బైండింగ్ నేర్చుకున్నాడు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే ఆయనకి కాలేజీ. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన కెమిస్ట్రీ పుస్తకం అలా చేతికొచ్చినవే. చదివిన ప్రయోగాల్లో తన డబ్బులకి అందేవి స్వయంగా చేసి చూసుకునేవాడు.

1812లో షాపుకి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. ఆ నోట్సు మొత్తం తిరగరాసి, బొమ్మలు వేసి, తనకొచ్చిన విద్యతోనే బైండ్ చేసి డేవీకి పంపాడు. డేవీ మెచ్చుకున్నాడు కానీ అప్పుడు ఖాళీ లేదు. కొన్నాళ్ళకి అక్కడి ల్యాబ్ అసిస్టెంట్‌ని గొడవపడ్డాడని తీసేస్తే, 1813 మార్చిలో ఆ ఉద్యోగం ఫారడేకి వచ్చింది. వారానికి 25 షిల్లింగుల జీతం, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. పని ఏంటంటే, ఉపన్యాసకులకి సామాను అందించడం, పరికరాలు తుడిచి సర్దిపెట్టడం. అంటే ఇంగ్లండ్‌లో పేరున్న ఆ ల్యాబ్‌లోకి ఆయన అడుగుపెట్టింది శుభ్రం చేసే పనితోనే.

ఆ ఏడాది చివర్లో డేవీతో కలిసి యూరప్ బయల్దేరాడు. డేవీ సేవకుడు రానంటే ఆ పనులు కూడా ఫారడే మీదే పడ్డాయి. డేవీ భార్య ఆయన్ని పనివాళ్ళతో పాటే చూసేది. వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాడు. వెళ్ళలేదు. మిలన్‌లో వోల్టాని కలిశాడు. బ్యాటరీ తయారుచేసిన మనిషిని కళ్ళారా చూశాడు.

1821లో కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. మోటారుకి అదే మొదలు. కానీ అది వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఆలోచన, ఫారడే కాజేశాడని మాట పుట్టింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే, అధ్యక్షుడిగా ఉన్న డేవీయే అడ్డుపడ్డాడు. అయినా ఎన్నికయ్యాడు. 1831లో ఇనప రింగు మీద రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదాంట్లో కరెంటు మారితే రెండోదాంట్లో కరెంటు పుడుతుందని చూపించాడు. బండి నడుస్తున్నప్పుడు హెడ్‌లైట్‌కి కరెంటు తయారయ్యేది ఆ సూత్రంతోనే.

నా బోల్టుల కథ 1833-34లో మొదలవుతుంది. ద్రావణంలోంచి కరెంటు పంపితే లోహం ఎంత పేరుకుంటుందనేది, పోయిన మొత్తం విద్యుత్తు మీద ఆధారపడుతుందని ఫారడే కొలిచి చెప్పాడు. ఆ విద్యుత్తుని కొలవడానికి, అదే కరెంటుతో నీటిని విడగొట్టి వచ్చిన గ్యాస్‌ని గాజు గొట్టంలో పట్టాడు. కొత్త విషయానికి కొత్త పేర్లు కావాల్సి వచ్చింది. ఆయనకి గ్రీకు రాదు. తెలిసినవాళ్ళని, ముఖ్యంగా కేంబ్రిడ్జిలో ఉన్న విలియం హ్యూవెల్‌ని అడిగి తెలుసుకున్నాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అన్న మాటలు అలా వచ్చాయి.

దాని ప్రకారం ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇస్తే 1.22 గ్రాముల జింక్ పేరుకుంటుంది. నా నాలుగు బోల్టుల ఉపరితలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. 10 మైక్రాన్ల పూతకి 0.71 గ్రాములు చాలు. అంటే ఒక ఆంపియర్‌తో 35 నిమిషాలు. కొంత కరెంటు హైడ్రోజన్ బుడగలకి పోతుంది కాబట్టి 45 నిమిషాలు ఉంచా. ఇదంతా సరైనదే. కానీ ఎంత జింక్ వచ్చి చేరుతుందో మాత్రమే ఈ సూత్రం చెప్తుంది. అది అతుక్కుని ఉంటుందా లేదా అనేది చెప్పదు.

రెండోసారి వరస మార్చా. వేడినీళ్ళలో చాకలి సోడా వేసి, మరల మధ్య ఇరుక్కున్న పాత ఆయిల్ పోయేదాకా బ్రష్‌తో కడిగా. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి తుప్పు వదిలించా. వైర్ బ్రష్, ఎమరీ పేపర్, మళ్ళీ సోడా, మళ్ళీ మంచినీళ్ళు. నీళ్ళు పోస్తే ముత్యాల్లా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి. విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. అక్కణ్ణుంచి చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా చాలు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. యాక్సిల్, బ్రేకుల దగ్గరి గట్టి బోల్టులు మాత్రం మెకానిక్ నాకివ్వలేదు. హైడ్రోజన్ లోపలికి చేరి అలాంటి స్టీలుని పెళుసు చేస్తుంది కాబట్టి అది మంచిదే అయింది. మిగతావాటి పూత ఈసారి రాలలేదు.

పూత వేయడం 1840 నుంచి బర్మింగ్‌హామ్‌లో పెద్ద వ్యాపారమైంది. ఎల్కింగ్టన్‌లు పేటెంటు తీసుకున్నారు. 1844లో అక్కడే బ్యాటరీల బదులు అయస్కాంతాలు, తీగచుట్టలతో కరెంటు తీసే వూల్‌రిచ్ యంత్రం పూత పనికి వచ్చింది. ఫారడే రెండు ఆవిష్కరణలూ ఒకే షెడ్డులో కలిశాయి. తర్వాత బీఎస్‌ఏ, నార్టన్ మోటార్‌సైకిళ్ళు తయారైంది కూడా ఆ ఊళ్ళోనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫారడేకి జ్ఞాపకశక్తి దెబ్బతింది. తలనొప్పి, కళ్ళు తిరగడం, మతిమరపు. కొన్నేళ్ళు పని దాదాపు ఆగిపోయింది. కానీ 1832 నుంచి ఆయన ల్యాబ్ డైరీలో ప్రతి పేరాకీ వరసగా నంబరు వేస్తూ వచ్చాడు. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి ఆ డైరీ ఉంది. 1845లో అయస్కాంతం కాంతిని ప్రభావితం చేస్తుందని కనిపెట్టాడు. చివరికి ఆ నంబర్లు 16,041 దాకా వెళ్ళాయి. ఆయనకి పై లెక్కలు రావు. ఆయన ఆలోచనల్ని సమీకరణాలుగా రాసింది మాక్స్‌వెల్.

సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు. క్రిమియా యుద్ధానికి విషవాయువులు తయారుచేయడంలో సాయపడనన్నాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబేలో కాకుండా హైగేట్ శ్మశానంలో, సాదా రాయి కింద ఉన్నాడు.

మా తాతయ్యకీ ఈ మధ్య మతిమరపు మొదలైంది. పొద్దున మందు వేసుకున్నారో లేదో గుర్తుండదు. డైరీ సంగతి చదివిన మర్నాడే సామాన్లన్నీ చిన్న కవర్లలో పెట్టి నంబర్లు వేశా. ఒక్కోటి ఆయన చేతిలో పెడితే, తిప్పి చూసి ఎక్కడిదో చెప్పారు, నేను రాసుకున్నా. 27వ నంబరు బోల్టు దగ్గర చాలాసేపు ఆగి, తెలీదురా అన్నారు. దాన్నీ తోమి, పూత వేసి, కవర్లోనే ఉంచా. నోట్‌బుక్‌లో 27 ఎదురుగా ఖాళీ వదిలా.