కరువును కరువు అని రాసిన దొర

బ్రౌన్ దొర పేరు వినని తెలుగువాడు అరుదు. నిఘంటువు రాసిండు, వేమన్నను వెలికి తీసిండు అని పరీక్షలో రెండు వాక్యాలు రాసి వదిలేస్తాం. నాకు మాత్రం ఆయన జీవితంలో ఒక్క మాట కోసం జరిగిన పేచీయే అన్నిటికన్న పెద్దదిగా కనబడుతుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1817లో మద్రాసు చేరి, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. మద్రాసు చేరే నాటికి ఆయనకు తెలుగు రాదు. వచ్చాక ఊరుకోలేదు. బంగళా కొని పండితులను పెట్టుకున్నాడు, తాటాకు ప్రతులు తెప్పించి ఒకదానితో ఒకటి పోల్చి సరిచూయించాడు. ఖర్చంతా సొంత జేబులోదే, చాలనప్పుడు అప్పులు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయినయి.

ఇక అసలు సంగతి. 1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన క్షామం వచ్చింది. ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని ఒక లెక్క. జనం దానికి డొక్కల కరువు అని పేరు పెట్టుకున్నారు. ఎండిపోయిన డొక్కలు చూసిన కంటికి అంతకన్న సరైన మాట దొరుకుతుందా? పై అధికారులకు మాత్రం కొరత అనే మెత్తని మాట ఇష్టం. కొరత అంటే కొంచెం ఓపిక పడితే చాలు, కరువు అంటే ఖజానా తెరవాలె. అక్కడే ఉన్న బ్రౌన్ తన కాగితాల్లో కరువనే రాశాడు. పై వాళ్ళకు అది రుచించలేదు. 1834లో కొలువు పోగొట్టుకొని ఇంగ్లండు పోయాడు, కొన్నేళ్ళకు గాని తిరిగి రాలేదు. ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క మాటే కారణమని నేననను. కాని మాట బరువు తెలిసినవాడే నిఘంటువు రాయగలడని మాత్రం నమ్ముతాను.

1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. కావ్యాల మాటల పక్కనే బజారు మాటలకూ అందులో చోటు దొరికింది. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు వేరే నిఘంటువు వేశాడు. తాండూరులో పుట్టి వికారాబాదులో చదివిన నాబోటివాడికి ఈ రెండోదంటే ప్రత్యేక ప్రేమ. అప్పుడు మన దిక్కు నిజాం ఇలాకా, బ్రౌన్ కొలువు కంపెనీ ఇలాకాలో. అయినా దరఖాస్తు, తకరారు, జమానతు లేకుండా మనకు పూట గడవదు కదా! ఉర్దూ, కన్నడం కలిసిన మన మాట విని ఇదేం తెలుగని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జనం నోట్లో నలిగే మాటను ఏరి, పొందిగ్గా అర్థం రాసిపెట్టిన ఆ దొర నవ్వలేదు.

అందరికీ తెలిసిన రాయినే చూడండి. నేల మీద పరిచే పలకను కడప వైపు కడప బండ అంటారు, మనం షాబాదు బండ అంటాం, హైదరాబాదు పోతే అదే తాండూరు బండ. ఏది సరైన మాటంటే ఏం చెప్పాలె? అడిగిన ఊరిని బట్టి మూడూ సరైనవే. గనిలో ఆ పొరలను విడదీసే కూలీల దగ్గర ఇంకెన్ని మాటలున్నాయో కూర్చొని రాసుకుంటే గాని తెలియదు.

1855లో బ్రౌన్ ఇండియా విడిచాడు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్ను మూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది.