పూలకు గొంతునిచ్చిన కొమ్మూరు కవి
'పుష్పవిలాపం'తో ఇంటింటికీ చేరిన జంధ్యాల పాపయ్యశాస్త్రి

కాకుమాను: పూజకు పూలు కోయబోయిన భక్తుడు వట్టి చేతులతో తిరిగివచ్చిన కథ తెలుగువారికి కొత్త కాదు. మూడు తరాలవారు ఆ కథను గ్రామఫోను రికార్డుల్లోనూ, రేడియోలోనూ, ఆ తరువాత క్యాసెట్లలోనూ విన్నారు. విన్నవారిలో అధికులకు ఆ కంఠం ఘంటసాల వెంకటేశ్వరరావుదని తెలుసు. ఆ పద్యాలను రచించిన కవి గుంటూరు జిల్లా కాకుమాను మండలం కొమ్మూరు గ్రామంలో జన్మించారన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు. ఆయనే 'కరుణశ్రీ'గా ప్రసిద్ధి పొందిన జంధ్యాల పాపయ్యశాస్త్రి.

కొమ్మూరు నుంచి గుంటూరుకు

పరదేశయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు 1912 ఆగస్టు 4న పాపయ్యశాస్త్రి జన్మించారు. సంస్కృతాంధ్రాలను గురుముఖంగా అభ్యసించి అధ్యాపక వృత్తిని చేపట్టారు. 1885లో స్థాపితమైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు అధ్యాపకునిగా సుదీర్ఘకాలం పనిచేశారు. క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన కళాశాలలో కొలువు, పోతన భాగవతంపై మమకారం, బుద్ధునిపై భక్తి.. ఈ మూడూ ఆయన జీవితంలో ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఉదయశ్రీ, విజయశ్రీ, కరుణశ్రీ ఆయన కృతుల్లో ప్రధానమైనవి. చివరి కావ్యం పేరే ఆయనకు కవినామమై నిలిచింది.

పూల మొర

'ఉదయశ్రీ'లోని ఖండిక 'పుష్పవిలాపం'. కథ చాలా చిన్నది. దైవపూజకు పూలు కోద్దామని ఒక భక్తుడు తెల్లవారుజామున తోటకు వెళతాడు. కొమ్మను వంచి చేయి చాచగానే పూలన్నీ బావురుమంటాయి. తీగ తమకు తల్లి వంటిదని, ఉన్న కొద్ది ఘడియలూ తుమ్మెదలకు తేనె పెడుతూ, గాలికి పరిమళం పంచుతూ, చూసేవారి కన్నులకు హాయి గొలుపుతూ బతుకుతామని, ఆయువు తీరాక ఆ తల్లి కాళ్ల చెంతనే రాలిపోతామని విన్నవించుకుంటాయి. మనుషులు తమను దారాలతో బంధించి, సూదులతో పొడిచి, ఒక్క రాత్రి వేడుక ముగియగానే నేలపాలు చేస్తారని నిలదీస్తాయి. బుద్ధుడు పుట్టిన దేశంలో పుట్టి కూడా ప్రేమ లేకుండా పోయిందేమని అడుగుతాయి. భక్తునికి సమాధానం తోచదు. పూలు లేకుండానే దైవం ముందుకు వెళ్లి జరిగినదంతా చెప్పుకుంటాడు.

ఉత్పలమాల, తేటగీతి వంటి పాత ఛందస్సుల్లోనే ఈ పద్యాలు నడిచాయి. అయినా నిఘంటువు అవసరం లేకుండా అర్థమవుతాయి. పూలు అడిగిన ఆ ప్రశ్నకు ఈ నేలతో సంబంధం ఉంది. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ వంటి బౌద్ధ క్షేత్రాలన్నీ నాటి ఉమ్మడి గుంటూరు జిల్లాలోనివే. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అవి పల్నాడు, బాపట్ల జిల్లాల పరిధిలోకి వెళ్లాయి.

రికార్డుకెక్కిన పద్యం

కరుణశ్రీ కన్నా పదేళ్లు చిన్నవాడైన ఘంటసాల కృష్ణా జిల్లాలో జన్మించారు. విజయనగరంలో వారాలు, మధుకరంతో కడుపు నింపుకొంటూ సంగీతం నేర్చారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. సినీ గాయకునిగా స్థిరపడినప్పటికీ పద్యాన్ని విడిచిపెట్టలేదు. 'పుష్పవిలాపం', కన్నెతల్లి కుంతి తన పసికందును గంగపాలు చేసే ఘట్టాన్ని చిత్రించిన 'కుంతీకుమారి' ఆయన కంఠాన హెచ్.ఎం.వి. రికార్డులుగా వెలువడ్డాయి.

ఆనాటి రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పాడేది. నాటకాల పద్ధతిలో దీర్ఘమైన రాగాలాపనకు అందులో చోటు లేదు. ఘంటసాల రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చారు. ఏడ్పును నటించకుండానే శ్రోత కంట తడి పెట్టించారు. పుస్తకం చదవలేని వారికి సైతం కరుణశ్రీ పద్యం ఆ విధంగా చెవి ద్వారా చేరింది. అక్షరం రాని పల్లెవాసులు కూడా వృత్తపద్యాన్ని కంఠస్థం చేయగలగడం ఆ కవి, ఆ గాయకుడు కలిసి సాధించిన విజయం.

ఎదురుగాలిలోనూ

అది పద్యానికి అనుకూలమైన కాలమేమీ కాదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. 1958లో కుందుర్తి ఫ్రీవర్స్ ఫ్రంట్‌ను స్థాపించారు. ఛందస్సుకు కాలం చెల్లిందన్న వాదన బలపడుతున్న ఆ రోజుల్లో కరుణశ్రీ తన దారి మార్చుకోలేదు. వాద వివాదాలకు దూరంగా 'ఉదయశ్రీ' ముద్రణ మీద ముద్రణ పొందుతూ వచ్చింది. పిల్లల కోసం ఆయన 'తెలుగుబాల' శతకాన్ని రచించారు. బాణుని కథను 'కల్యాణ కాదంబరి'గా తెలుగు చేశారు.

గొంతు మిగిలింది.. పేరు?

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ తరువాత పద్దెనిమిదేళ్లు జీవించిన కరుణశ్రీ 1992 జూన్‌లో అస్తమించారు. రికార్డు అరిగింది, క్యాసెట్ మూలపడింది. పాట మాత్రం ఇంటర్నెట్‌లోకి చేరి నేటికీ వినిపిస్తోంది. అయితే అది 'ఘంటసాల పుష్పవిలాపం'గానే జనం నోట నిలిచింది. గాయకునికి దక్కిన ఆ కీర్తి న్యాయమైనదే. పూల పక్షాన తొలుత మాట్లాడిన కవి పేరు కూడా దాని సరసన నిలవడం అంతకన్నా న్యాయం. ఏటా ఆగస్టు 4న బడిపిల్లల చేత ఒక్క పద్యం చదివించి, ఆ కవి మన కొమ్మూరు వారని చెప్పగలిగితే అదే ఆయనకు తగిన నివాళి. అందుకు పూలదండల అవసరం కూడా లేదు.