చివరి వందనం

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప పొలాల నడుమ పెరిగినవారికి వీరగాథలు కొత్త కావు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తిక అమావాస్యకు పల్నాటి వీరుల ఆయుధాలకు పూజలు జరగడం తరతరాల ఆచారం. అయితే ఆ వీరులు శత్రువును కళ్ళెదుట చూసి పోరాడారు. ఇరవయ్యవ శతాబ్దంలో యుద్ధం ఆకాశానికి ఎగబాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు ఆ యుద్ధజ్వాల తెలుగు తీరానికీ సోకింది. నేలమీద ఉన్నవారికి బాంబరు విమానం మృత్యురూపంగానే కనిపిస్తుంది. దాని కడుపులో కూర్చున్న మనిషి కనిపించడు. అటువంటి మనుషులలో ఒకడు ఆండ్రూ చార్లెస్ మైనార్‌స్కీ.

ఆయన 1916 అక్టోబరు 14న కెనడా దేశంలోని విన్నిపెగ్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పోలండు నుండి వలస వచ్చినవారు. గుంటూరు పేరు చెప్పగానే మిరపకాయ గుర్తుకు వచ్చినట్లు, విన్నిపెగ్ అనగానే గోధుమలు గుర్తుకు వస్తాయి. చుట్టూ మైళ్ళ కొలది మైదానం, నగరంలో ధాన్యపు వర్తకం. ఆండ్రూ పదహారవ ఏట తండ్రి మరణించాడు. కుటుంబభారంలో పాలుపంచుకోవడానికి అతడు తోళ్ళు కత్తిరించే పనిలో కుదిరాడు. ఆ పనిలోనే యౌవనం గడుస్తుండగా రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1941లో అతడు రాయల్ కెనడియన్ వైమానిక దళంలో చేరి, శిక్షణ ముగించుకొని సముద్రం దాటి ఇంగ్లండు చేరాడు.

అతనికి అప్పగించిన పని లాంకాస్టర్ అనే నాలుగు ఇంజన్ల బాంబరులో గన్నరు ఉద్యోగం. ఆ విమానంలో ఏడుగురు ఉంటారు. వీపుమీద బుడగవలె పొడుచుకువచ్చిన టరెట్ అనే తుపాకీ గది ఒకటి, తోక చివర మరొకటి. మైనార్‌స్కీ స్థానం వీపుమీది గది. తోక గదిలో కూర్చునేవాడు ప్యాట్ బ్రోఫీ. ఆ తోక గదిలో చలి ఎక్కువ, ఏకాంతం ఇంకా ఎక్కువ. పారాచూట్‌ను సైతం గది బయటే తగిలించి ఉంచాలి. బ్రిటిష్ బాంబరు దళంలో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది మరణించారు. అంటే ప్రతి రాత్రి విమానమెక్కిన యువకునికి తాను తిరిగివస్తానన్న భరోసా లేదు.

బ్రోఫీ అధికారి; మైనార్‌స్కీ అంతకంటె దిగువ హోదా కలవాడు. సైనిక మర్యాద ప్రకారం ఇద్దరి వసతులూ వేరు. అయినా వారిద్దరూ ప్రాణమిత్రులు. సాయంకాలం కలిసి తిరిగివచ్చి విడిపోయే వేళ మైనార్‌స్కీ కావాలనే బిగుసుకొని నిలబడి, అధికారికి చేసినట్లు మిత్రునికి వందనం చేసి, శుభరాత్రి చెప్పేవాడు. అది వారి మధ్య నిత్యం సాగే హాస్యం.

1944 జూన్ 6న మిత్రదళాలు ఫ్రాన్సు తీరాన దిగాయి. జర్మన్ సేనలకు రైళ్ళ ద్వారా సహాయం అందకుండా చేయడం బాంబరు దళాల పని అయింది. జూన్ 12 రాత్రి 419వ స్క్వాడ్రనుకు నిర్దేశించిన లక్ష్యం ఫ్రాన్సులోని కాంబ్రే పట్టణపు రైల్వే యార్డు. విమానం ఎక్కబోయే ముందు గడ్డిలో మైనార్‌స్కీకి నాలుగు దళాల క్లోవర్ ఆకు దొరికింది. పాశ్చాత్యులు దానిని అదృష్టచిహ్నంగా భావిస్తారు. అతడు దానిని తన వద్ద ఉంచుకోక బ్రోఫీ చేతిలో పెట్టాడు.

అర్ధరాత్రి దాటింది. లక్ష్యాన్ని చేరకముందే ఒక జర్మన్ యుద్ధవిమానం వెనుక నుండి దాడి చేసింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. రెక్కకూ, విమానపు నడిమి భాగానికీ నిప్పంటుకుంది. అందరూ దూకవలసిందిగా కెప్టెను ఆజ్ఞాపించాడు. మైనార్‌స్కీ తన గది నుండి దిగి వెనుక ద్వారం వద్దకు వచ్చాడు. ఒక్క అడుగు వేస్తే బయటపడేవాడే. ఆ క్షణాన తోకవైపు చూశాడు. బ్రోఫీ గది కదలడం లేదు. దానిని తిప్పే యంత్రశక్తి ఇంజన్లతోపాటే నశించింది. చేతితో తిప్పే పిడి కూడా విరిగిపోయింది. లోపలి మనిషి చిక్కుకుపోయాడు.

ఇద్దరి నడుమ మంటలు. మైనార్‌స్కీ వెనుదిరిగి, మోకాళ్ళపై పాకుతూ ఆ మంటలలోనుండే మిత్రుని వైపు సాగాడు. మండుతున్న నూనె అతని దుస్తులకు అంటుకుంది. గొడ్డలితో గది తలుపులను పెకలించబోయాడు, అవి కదలలేదు. ఉత్తచేతులతో లాగాడు. నడుము వరకు దుస్తులు, పారాచూట్ అంటుకొని మండుతున్నాయి. ఇక ప్రయోజనం లేదని గ్రహించిన బ్రోఫీ వెళ్ళిపొమ్మని సైగ చేశాడు. మైనార్‌స్కీ వెంటనే కదలలేదు. చివరకు మిత్రునికి వీపు చూపకుండా మంటల మధ్య నుండి వెనుకకు పాకాడు. ద్వారం వద్ద నిటారుగా నిలబడి, నిత్యం చేసినట్లే వందనం చేశాడు. పెదవులు కదిలాయి. ఆ మాట చెవికి చేరకపోయినా బ్రోఫీకి అర్థమైంది. అనంతరం అతడు చీకటిలోకి దూకాడు.

మండుతూ దిగివచ్చిన ఆ ఆకృతిని నేలమీది ఫ్రెంచి ప్రజలు చూశారు. వారు కాపాడబోయినా, తీవ్రమైన కాలిన గాయాలతో అతడు కొంతసేపటికే మరణించాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్ళు.

విమానం బ్రోఫీతోపాటే నేలకు ఒరిగింది. రెక్క ఒక చెట్టుకు తగిలి విమానం గిర్రున తిరిగింది. ఆ అదురుకు, మనుష్యప్రయత్నానికి లొంగని తోక గది తలుపు విడిపోయి, బ్రోఫీ బయటికి విసిరివేయబడ్డాడు. చనిపోక తప్పదనుకున్నవాడు దాదాపు క్షేమంగా లేచి కూర్చున్నాడు. దీనిని అదృష్టమనాలో, విధివిలాసమనాలో నిర్ణయించడం కష్టం. ఒకటి మాత్రం స్పష్టం. అతడు బ్రతకకపోతే ఈ కథ లోకానికి తెలిసేదే కాదు. ఆ మంటల వెనుక ఏమి జరిగిందో చూసినవాడు అతడొక్కడే.

ఫ్రెంచి దేశభక్తుల ఇళ్ళలో దాగి, 1944 సెప్టెంబరులో బ్రోఫీ ఇంగ్లండు చేరాడు. మిత్రుని మరణవార్త అతనికి అప్పుడే తెలిసింది. తరువాత తన కెప్టెనుకు చెప్పిన వృత్తాంతమే పై అధికారుల వరకు చేరింది. ఫలితంగా 1946 అక్టోబరు 11న మైనార్‌స్కీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. లెక్కప్రకారం చూస్తే అతని ప్రయత్నం విఫలం. తలుపు తెరవలేకపోయాడు, మిత్రుని విడిపించలేకపోయాడు. ఆ పతకం గెలుపునకు ఇచ్చినది కాదు, వెనుదిరిగి చూసిన ఆ ఒక్క చూపుకు ఇచ్చినది.

విన్నిపెగ్‌లో ఒక పాఠశాలకు, మానిటోబా ఉత్తరభాగంలోని సరస్సులకు అతని పేరు పెట్టారు. ఇంగ్లండులో అతడు చివరిసారి విమానమెక్కిన మిడిల్టన్ సెయింట్ జార్జ్ స్థావరం వద్ద 2005లో కాంస్య విగ్రహం నెలకొల్పారు. కెనడాలోని హామిల్టన్ నగరపు విమాన ప్రదర్శనశాలలో ఒక లాంకాస్టర్‌ను అతని విమానపు అక్షరాలతోనే అలంకరించారు. ప్రపంచంలో నేటికీ ఎగరగల లాంకాస్టర్లు రెండే. వాటిలో అది ఒకటి. అతని సమాధి మాత్రం ఫ్రాన్సులో, మెహారికూర్ అనే చిన్న గ్రామపు శ్మశానంలో ఉంది.