ధూళిని పట్టారు.. ధనాన్ని వదిలారు

విద్యుత్తుతో పొగను శుద్ధిచేసిన శాస్త్రవేత్త కాట్రెల్

ఎర్రగుంట్ల: సున్నపురాయి దొరికే నేలలో సిమెంటు కర్మాగారాలు వెలుస్తాయి. వాటి వెంటే ధూళి వస్తుంది. కడప జిల్లాలోని ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లోనూ, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, కొలిమిగుండ్ల పరిసరాల్లోనూ ఈ సంగతిని రైతుకు వేరుగా చెప్పనక్కర్లేదు. ఆకులపై పేరుకున్న తెల్లటి పొడిని చూసి పైరు ఏమవుతుందోనని దిగులు పడటం ఇక్కడివారు ఎరిగినదే. ఇటువంటి దిగులే వందేళ్లకు పూర్వం అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ రైతులను న్యాయస్థానం మెట్లు ఎక్కించింది. ఆ బాధకు శాస్త్రీయమైన ఉపాయం చూపిన మేధావి ఫ్రెడరిక్ గార్డ్‌నర్ కాట్రెల్. కలమళ్ల వద్ద ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగలోని బూడిదను వేరుచేసే యంత్రానికి మూలం ఆయన పరిశోధనే.

ఉపాధ్యాయ వృత్తితో ఉన్నత విద్య

కాట్రెల్ 1877 జనవరి 10న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జన్మించారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1896లో పట్టా పొందారు. విదేశీ విద్యకు కావలసిన ధనం కోసం కొంతకాలం ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం బోధించారు. అనంతరం జర్మనీ వెళ్లి వాంట్ హాఫ్, ఆస్ట్‌వాల్డ్ వంటి ఉద్దండుల వద్ద విద్యనభ్యసించారు. భౌతిక రసాయన శాస్త్రంలో పరిశోధన సాగించి 1902లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకున్నారు. అదే ఏడాది స్వదేశానికి తిరిగివచ్చి బర్క్‌లీలో అధ్యాపకుడిగా చేరారు.

లాడ్జ్ విడిచినచోట మొదలు

విద్యుత్తుతో పొగను శుద్ధి చేయవచ్చునన్న ఆలోచన కాట్రెల్‌కు ముందే ఉంది. బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త సర్ ఆలివర్ లాడ్జ్ ఆ సూత్రాన్ని 1880వ దశకంలోనే ప్రయోగశాలలో నిరూపించారు. 1885లో వేల్స్‌లోని బాగిల్ట్ వద్ద సీసం కరిగించే కర్మాగారంలో దానిని అమర్చి చూశారు. అయితే ఆనాటి స్థిర విద్యుత్ యంత్రాల శక్తి చాలక ఆ ప్రయత్నం విఫలమైంది.

రెండు దశాబ్దాల తర్వాత, 1906 ప్రాంతంలో, గంధకామ్లం తయారీలో వెలువడే ఆమ్లపు మంచును పట్టే బాధ్యత కాట్రెల్‌పై పడింది. ఇతర మార్గాలు ఫలించకపోవడంతో ఆయన విద్యుత్తును ఆశ్రయించారు. అప్పటికి ట్రాన్స్‌ఫార్మర్లు అందుబాటులోకి వచ్చాయి. వాటితో పెంచిన విద్యుత్తును ఏకముఖ ప్రవాహంగా మార్చి వాడుకున్నారు. తీగకు చుట్టిన నూలు పోగుల కొనల వద్ద ఊదారంగు కాంతి వెలువడటం ఆయన దృష్టిని ఆకర్షించింది. నున్నటి తీగ కన్నా నూగు ఉన్న తీగ నుంచి విద్యుత్తు సులువుగా వ్యాపిస్తుందని గ్రహించారు. ఆ చిన్న పరిశీలనే ఆయన పరిశోధనను మలుపు తిప్పింది. 1908లో ఆవిష్కరణకు పేటెంటు లభించింది.

ఈ యంత్రం పనితీరు సరళమైనదే. తలకు రాసిన దువ్వెనకు కాగితపు ముక్కలు అతుక్కోవడం పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడా అంతే. అధిక వోల్టేజీ గల తీగల సమీపం నుంచి పొగ సాగినప్పుడు అందులోని రేణువులు విద్యుదావేశం పొంది ఎదురుగా ఉన్న లోహపు పలకలకు అతుక్కుంటాయి. పలకలను సుత్తులతో తట్టగానే ఆ పొడి కింది తొట్టిలోకి రాలుతుంది. చక్కగా నిర్వహిస్తే 99 శాతానికి పైగా ధూళి ఆగిపోతుంది.

నారింజ తోటల తగవు

మన చీనీకి దగ్గరి చుట్టమైన నారింజ దక్షిణ కాలిఫోర్నియా రైతుకు ప్రధాన పంట. కోల్టన్, రివర్‌సైడ్ ప్రాంతాల సిమెంటు కర్మాగారాల ధూళి తోటలపై పడుతుండటంతో రైతులు వ్యాజ్యాలు వేశారు. కోల్టన్ కర్మాగారం ఉత్పత్తికి న్యాయస్థానం హద్దు విధించింది. 1911లో ఆ ఆదేశాన్ని సడలించేందుకు రాష్ట్ర సుప్రీంకోర్టు సైతం అంగీకరించలేదు. రివర్‌సైడ్ కర్మాగారం కాట్రెల్ పద్ధతిని ఆశ్రయించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ నుంచి పొటాష్ దిగుమతి నిలిచిపోగా, ఆ సిమెంటు ధూళి నుంచే పొటాష్ రాబట్టారు. తోటలను బాధించిన పొడి ఎరువుగా మారింది. నేడు థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకలకు, సిమెంటుకు వాడటం కూడా ఇటువంటిదే.

సంపదకు దూరంగా

తన పేటెంట్లతో అపార సంపద గడించే అవకాశం కాట్రెల్‌కు ఉంది. విద్యార్థి దశ నుంచి ధనం కొరతను ఎరిగిన వ్యక్తి అయినా ఆయన ఆ దారి పట్టలేదు. వాటి హక్కులతో 1912లో న్యూయార్క్‌లో రిసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థను నెలకొల్పారు. వచ్చే లాభమంతా శాస్త్ర పరిశోధనలకే వెచ్చించాలన్నది నియమం. రాకెట్ పితామహుడు గొడ్డార్డ్, సైక్లోట్రాన్ నిర్మాత లారెన్స్ వంటివారికి ఈ సంస్థ చేయూతనిచ్చింది. కాట్రెల్ మాత్రం ప్రభుత్వ కొలువులో కొనసాగారు. 1920లో అమెరికా గనుల సంస్థకు డైరెక్టరుగా వ్యవహరించారు. 1948 నవంబరు 16న బర్క్‌లీలో శాస్త్రవేత్తల సమావేశంలో ఉండగానే తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 71 ఏళ్లు.

యంత్రానికీ హద్దులున్నాయి

ఈ యంత్రం రేణువులను పడుతుంది గానీ గంధక వాయువుల వంటి వాటిని ఆపలేదు. సిమెంటు బట్టీలో కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పేలుడు ముప్పు తప్పించేందుకు విద్యుత్తు దానంతటదే నిలిచిపోతుంది. అటువంటి వేళ పొగగొట్టం నుంచి ఒక్కసారిగా ధూళి ఎగసిపడుతుంది. ఈ కారణం వల్ల కూడా పలు కర్మాగారాలు క్రమంగా బ్యాగ్ ఫిల్టర్ల వైపు మళ్లాయి. ఇక గనుల్లోని పేలుళ్లతో, లారీల రాకపోకలతో లేచే దుమ్ముకు పొగగొట్టంలోని యంత్రంతో సంబంధమే లేదు. దానికి రోడ్లపై నీరు చల్లడం, లారీలపై పట్టాలు కప్పడం వంటి జాగ్రత్తలే శరణ్యం. కాట్రెల్ యంత్రం కర్మాగారాల్లోకి చేరడానికి ఆయన మేధస్సు ఎంత కారణమో, తమ తోటల కోసం పట్టువిడవని రైతులూ అంతే కారణం. నాపరాతి నేలపై సేద్యం చేసే సీమ రైతు ఈ చరిత్ర నుంచి గ్రహించవలసింది అదే.