ఉత్తరాలతో సేద్యం నడిపిన అబిగైల్ ఆడమ్స్

బడికి పోకుండానే చదువు నేర్చుకున్న ఒకామె గురించి ఈసారి రాస్తున్నాను.

అబిగైల్ 1744లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టింది. మసాచుసెట్స్ అనేది అక్కడ ముందు నుంచి ఉన్న ఆదివాసుల పేరు. వాళ్ల భూములు పోయినవి, పేరు మిగిలింది. అబిగైల్ తండ్రి చర్చి పాస్టరు. ఆమెను బడికి పంపలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలు చదివే నేర్చుకుంది.

1764లో జాన్ ఆడమ్స్‌తో పెండ్లి అయింది. ఆయన రైతు కొడుకు, వకీలు. 1774లో ఫిలడెల్ఫియాలో జరిగిన కాంగ్రెసు సభకు పోయినాడు. అప్పటి నుంచి చాలా ఏండ్లు ఇంటికి దూరంగానే ఉన్నాడు. నలుగురు పిల్లలు, పొలం, పశువులు అన్నీ అబిగైల్ మీద పడ్డాయి.

జాన్ ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. సభలో ఎవరు ఏమి వాదించారో రాసేవాడు. ఎరువు, గడ్డి కోత, జీతగాళ్ల సంగతి కూడా అడిగేవాడు. 1776 జూలైలో ఇంగ్లండు నుంచి విడిపోవాలని సభ తీర్మానం చేసింది. ఆ సంగతి జూలై 3న ఆమెకు రాసినాడు.

అబిగైల్ కూడా ఊరికే ఉండలేదు. యుద్ధం వల్ల పనివాళ్లు దొరకలేదు, ధరలు పెరిగినాయి. అయినా సేద్యం ఆపలేదు. 1775లో రోగం వచ్చి తల్లి చనిపోయింది. ఆ దుఃఖం కూడా ఉత్తరంలోనే చెప్పుకున్నది. 1776 మార్చిలో, కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను మరిచిపోవద్దని భర్తకు రాసింది. ఆయన నవ్వులాటగా తీసుకున్నాడు. నాకు అది నచ్చలేదు.

1797లో జాన్ రెండవ అధ్యక్షుడు అయినాడు. అదే ఏడు వాళ్ల ఇంట్లో పనిచేసే ఒక నల్లజాతి పిల్లవాడిని ఆమె రాత్రి బడికి పంపింది. అతను వస్తే బడి ఆగిపోతుందని ఒకాయన వచ్చి చెప్పినాడు. అబిగైల్ ఒప్పుకోలేదు. పిల్లవాడు చదువుకున్నాడు.

పెండ్లి అయిన ఆడదానికి ఆస్తి హక్కు లేని కాలం అది. అయినా 1816లో ఆమె తన సొమ్ముకు వీలునామా రాసింది. ఎక్కువ భాగం ఆడవాళ్లకే ఇచ్చింది. 1818లో చనిపోయింది. జాన్ 1826 జూలై 4న చనిపోయినాడు. వాళ్లిద్దరి ఉత్తరాలు 1,100 కంటే ఎక్కువ ఇప్పటికీ ఉన్నాయి.

అబిగైల్‌కు తన రాత బాగా లేదని సిగ్గు ఉండేది. అయినా రాయడం మానలేదు. మనం కూడా తప్పులు వస్తాయని భయపడొద్దు.

మా అమ్మకు చదవడం రాదు. నా ఉత్తరం వేరేవాళ్లు చదివి వినిపిస్తారు. అందుకని మనసులో మాట అన్నీ రాయలేను. ఈ దసరా సెలవుల్లో అమ్మకు అక్షరాలు నేర్పుతాను. అప్పుడు పంట సంగతి అమ్మనే నాకు రాస్తది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని